కారుకి ముందొక నంబరు, వెనకొక నంబరు

హరిణీ, దేవా, బడి సంచులు అక్కడ పెట్టి ఇలా వచ్చి కూర్చోండి. ముందు ఒక ప్రశ్న. ఒక కారుకి ముందు ఒక నంబరు, వెనక ఇంకో నంబరు ఉందనుకోండి. ఆ కారు ఎవరిది?

"దొంగలది లా, నాన్నమ్మా," అంటోంది హరిణి.

బాగా చెప్పావు తల్లీ, చివర ఆ మలాయ్ "లా" తగిలించి మరీ. ఆ దొంగే ఇప్పుడు నీ ఎదురుగా కూర్చుని నీకు టీ పోస్తోంది.

కంగారు పడకండి. తాత గదిలో పడుకున్నారు, కన్ను బాగానే ఉంది. కొత్త కారు బయటే ఉంది, గీత కూడా పడలేదు. మీ అమ్మ మళ్ళీ ఆఫీసు మీటింగులో కూర్చుంది. ఆ "మళ్ళీ" ఎందుకన్నానో ముందు ముందు తెలుస్తుంది. అంతా బాగానే ముగిసింది గనక ఇంత నిదానంగా చెప్పగలుగుతున్నాను.

మొదటినుంచి చెప్తాను. మీ తాత కారు నంబరు మీకు తెలుసు కదా, 4114. మా పెళ్ళయిన కొత్తలో ఆయన కొన్న మొదటి కారుది. చీనా వాళ్ళకి నాలుగు గిట్టదు, వాళ్ళ భాషలో అది చావు అన్న మాటలా ఉంటుందట. ఒక్క నాలుగుంటేనే మొహం తిప్పుకుంటారు, రెండుంటే ఇంక చెప్పాలా. ఎవరూ వద్దన్న ఆ నంబరు మీ తాతకి వచ్చింది. ఆయనేమో దాన్ని వరంలా చూసుకున్నారు. ఇంటికి ఎవరొచ్చినా టీ ఇచ్చేలోపు ఆ కథే. "ముందు నుంచి సదువు, ఎనక నుంచి సదువు, ఒక్కటే. మనిసన్నాక అలగుండాలి."

తరవాత కార్లు మారాయి గానీ నంబరు మారలేదు. ఈ మలాయ్ దేశంలో ఆ సౌకర్యం ఉంది కదా, పాత కారు నంబరు కొత్త కారుకీ, కొత్త కారు నంబరు పాత కారుకీ మార్పించుకోవచ్చు. రెండు బళ్ళనీ తనిఖీకి తీసుకెళ్ళాలి, ఆఫీసులో ఒప్పించుకోవాలి, ఇన్సూరెన్సు మార్చాలి, అన్నిటికన్నా ఆఖర్న ప్లేట్లు మార్చాలి. పెద్ద పనులన్నీ మీ నాన్న చేసేశాడు. నిన్న మధ్యాహ్నానికి కాగితం వచ్చేసింది. అంటే నిన్నటి నుంచి లెక్క ప్రకారం మన కొత్త కారే 4114. పాత కారుకి కొత్త కారు నంబరు. పేర్లు మారాయి, బొట్లలాంటి ఆ ప్లేట్లు మాత్రం ఇంకా మారలేదు. "రాత్రి వచ్చి నేనే ప్లేట్లు మారుస్తానమ్మా" అని చెప్పి మీ నాన్న ఇవాళ తెల్లవారుజామున పని మీద నాలుగైదు గంటల దూరంలోని జార్జ్ టౌన్ వెళ్ళాడు. పాత కారు కొనుక్కున్నాయన రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్తాడు, అందుకని ఈ రోజుతో అయిపోవాలి.

రాత్రికి చేస్తే సరిపోయేదే. కానీ తాతకి నిన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్న ఆసుపత్రిలో కంటి ఆపరేషనయింది కదా. షుగరుందని ఒక రాత్రి అక్కడే ఉంచుకుని ఇవాళ పంపిస్తామన్నారు. పొద్దున్నే ఆయన ఫోను. "కొత్త కారు తెస్తావా? దానికి నా నంబరుందా?"

"రాత్రికి ఉంటుందండీ. ఇప్పటికి అద్దె కారులో వచ్చేద్దాం."

"సొంత కారుండగా అద్దె కారేటే? నా నంబరుంటే తీసుకురా. లేదంటే నేను రైలెక్కి వచ్చేస్తాను."

అన్నంత పనీ చేసే మనిషి. డాక్టరేమో కంటికి దెబ్బ తగలకూడదు, దుమ్ము పడకూడదు, వంగకూడదు అని మరీ మరీ చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం రైల్లో రద్దీ సంగతి మీకు తెలీదా? ఎవడి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో చెప్పలేం. నిన్ననే తెరిచి మూసిన కన్ను అది. సరే, రెండు ప్లేట్లు విప్పి రెండు బిగించడం ఎంతసేపు అనుకున్నాను. బళ్ళో చేతిపనుల క్లాసు చెప్పినదాన్ని. ఎంతమందికి స్క్రూ తిప్పడం నేర్పాను నేను?

మరి దేవా, కారుకి ఎన్ని ప్లేట్లు? ఆ, రెండు. రెండు కార్లకి? అదీ. లెక్క అక్కడే తప్పాను.

డ్రైవరు పట్టుకుని వెళ్ళి పోర్చిలో చాప వేసుకుని కూర్చున్నాను. డ్రైవరంటే స్క్రూ డ్రైవరు, నవ్వకండి. పాత కారు స్క్రూలు తుప్పు పట్టి కదలవు. కొబ్బరి నూనె చుక్క వేసి, కాసేపు నాననిచ్చి, మళ్ళీ తిప్పి, మళ్ళీ నూనె వేసి, ఎలాగో రెండు కార్ల ముందు ప్లేట్లూ విప్పాను. తాత నంబరు కొత్త కారుకి పెట్టాను, కొత్త నంబరు పాతదానికి పెట్టాను. గట్టిగా బిగించి తుడిచి కుంకుమ కూడా పెట్టాను. ఇక వెనకవి మొదలెడదామని లేచి గడియారం చూద్దును కదా, పదిన్నర. శుక్రవారం పదిన్నర అంటే ఏమిటి?

మీకు తెలీదు, మీ తరానికి పంచాంగం ఫోన్లో కూడా లేదు. రాహుకాలం. పన్నెండు దాకా రాహుకాలం.

కొత్త కారు మీద రాహుకాలంలో చెయ్యి వేస్తానా? డ్రైవరు అక్కడే గూట్లో పెట్టి లోపలికి వచ్చేశాను. పన్నెండు తరవాత వెనకవి చూసుకోవచ్చులే అని తాతకి పప్పు, మెత్తగా అన్నం వండుతూ కూర్చున్నాను. వండుతూ ఉండగానే పన్నెండు దాటింది. దాటగానే ఆసుపత్రి నుంచి నర్సు ఫోను. "ఆంటీ, అంకుల్ సంచి పట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడ్డారు. స్టేషనుకి దారెటు అని అడుగుతున్నారు."

పొయ్యి కట్టేసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తాళం చెవులు పట్టుకుని పరిగెత్తాను. ఇక్కడ కొంచెం బొమ్మ గీసుకోండి. మన పోర్చిలో కార్లు ఎటు మొహం పెట్టి ఉంటాయి? ఇంటి వైపు. తలుపు తీసి బయటికి వస్తే నాకేం కనిపిస్తాయి? మొహాలే. కొత్త కారు మొహం మీద 4114, కుంకుమ బొట్టుతో మెరిసిపోతోంది. పాత కారు మొహం మీద కొత్త నంబరు. చూడగానే మనసు నిండిపోయింది. మనసు నిండితే బుర్ర ఖాళీ అవుతుందని ఎవరూ నాకు చెప్పలేదు. ఎక్కి, వెనక్కి తీసి, వెళ్ళిపోయాను.

దారంతా రాణీగారిలా నడిపాను. ఆసుపత్రి ఉన్న భవనం కిందే పార్కింగు. ఈ మధ్య టికెట్టూ గికెట్టూ లేవు కదా, కెమెరాయే నంబరు చదువుకుంటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు కారు మొహం చూస్తుంది. చూసింది, గేటు లేచింది, వెళ్ళాను.

లిఫ్టు దగ్గర మీ తాత. కంటికి కట్టు, కట్టు మీద నల్లద్దాలు, చేతిలో సంచి. నాకేసి చూడలేదు. తిన్నగా కారు ముందుకి వెళ్ళి నిలబడి, ఒంటి కన్నుతో ఒక్కొక్క అంకే చదివారు. చదివి ప్లేటు మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టారు, చిన్నప్పుడు మీ నాన్న వీపు తట్టినట్టు. "మంచి పని సేసినావే," అన్నారు. మా ఇంట్లో ఆ మాట దీపావళికి కూడా రాదు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇద్దరం ఎక్కాం. బయటికి పోయే గేటు దగ్గరికి వచ్చాం. అక్కడ కెమెరా వెనక ఉంటుంది. కారు వీపు చూస్తుంది.

గేటు లేవలేదు. కొంచెం వెనక్కి తీసి మళ్ళీ ముందుకి వెళ్ళాను. లేవలేదు. వెనక రెండు కార్లు హారన్లు మొదలెట్టాయి. గార్డు వచ్చాడు, నా కన్నా ఒక పదేళ్ళు చిన్నవాడేమో, మలాయ్ ఆయన. పాక్‌చిక్, అంటే వాళ్ళ భాషలో బాబాయీ, అని మర్యాదగా పలకరించాను.

"ఆంటీ, ఈ కారు లోపలికి రాలేదని చెప్తోంది మిషను."

"రాకుండా బయటికెలా పోతున్నాను పాక్‌చిక్?"

నిజమే అనుకున్నట్టు తల ఊపి ముందుకి వెళ్ళాడు. "4114. ఇది వచ్చింది." వెనక్కి వెళ్ళాడు. "ఇది రాలేదు." మళ్ళీ ముందుకి వచ్చాడు. మళ్ళీ వెనక్కి. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు చేసి, నా కిటికీ దగ్గర వంగి మెల్లగా అన్నాడు. "ఆంటీ, సగం కారు లోపలికి వచ్చింది. ఇంకో సగం బయటికి పోతానంటోంది."

అప్పుడు వెలిగింది పిల్లలూ నాకు. గూట్లో పెట్టిన స్క్రూ డ్రైవరు కళ్ళముందు కనిపించింది.

"ఏటంటన్నాడు?" అన్నారు తాత.

"ఏం లేదండీ, మిషను పాడయిందట."

"కంటికి కట్టినారు గానీ సెవికి కట్టలేదే," అని తలుపు తీసుకుని దిగారు. పట్టుకునేలోపే కారు వెనక్కి వెళ్ళిపోయారు. ఆ నంబరు ముందు నిలబడి చాలాసేపు చూశారు. గార్డు మర్యాదగానే అడిగాడు పాపం, "అంకుల్, ఇది మీ కారేనా?" అని.

మీ తాత ఏమనాలి? అవును అనాలి. ఆ ఒక్క మాట అంటే మేం అక్కడినుంచి ఎలాగో బయటపడే వాళ్ళం.

"కాదు," అన్నారు. గట్టిగా, మలాయ్‌లో, వెనక కార్ల వాళ్ళకి కూడా వినిపించేలా. "ఈ కారు నాది కాదు."

నవ్వండి నవ్వండి. ముందొక నంబరు, వెనకొక నంబరు, దిగిన మనిషి నల్లద్దాలు పెట్టుకుని నాది కాదంటున్నాడు. గార్డు వాకీటాకీ తీశాడు. కారు పక్కకి పెట్టించి, తాళం చెవి తీసుకున్నాడు. తీసుకుంటూ గడియారం చూసుకుంటున్నాడు, శుక్రవారం నమాజుకి వేళయిపోతోందని. పొద్దున్న నాకు టైము అడ్డం పడింది, ఇప్పుడు ఆయనకి అడ్డం పడుతోంది. పైనుంచి సూపర్‌వైజరుని పిలిచి మమ్మల్ని అప్పజెప్పి మసీదుకి పరిగెత్తాడు.

ఆ సూపర్‌వైజరు జయంతి అని అరవ అమ్మాయి. జడ బిగించి, బూట్లు వేసుకుని, నవ్వు అనేది ఇంట్లో పెట్టి వచ్చినట్టుంది. "నంబర్లు మార్చి దొంగ కార్లు తిప్పేవాళ్ళున్నారు పాట్టీ. నేను పోలీసులకి చెప్పాలి," అంది. పాట్టి అంటే అరవంలో మామ్మ. మామ్మ అంటూనే పోలీసులంటోంది.

ఫోన్లో కాగితం చూపించాను. శ్రద్ధగా చదివింది. "సరే, రెండు కార్ల నంబర్లు మార్చుకున్నారు, ఒప్పుకుంటాను. మరి రెండు నంబర్లూ ఒకే కారుకి ఎందుకున్నాయి?"

మంచి ప్రశ్న. నా క్లాసులో అడిగి ఉంటే పిలిచి ముందు బెంచీలో కూర్చోబెట్టేదాన్ని. అలవాటు చొప్పున బోర్డు కోసం చూశాను, లేదు. నా కాళ్ళవి విప్పి, తాతవీ విప్పించాను. నా చెప్పుల జత ఇక్కడ, తాత చెప్పుల జత అక్కడ. "ఇవి రెండు కార్లు అనుకోమ్మా. వీటి ఎడమ చెప్పులు మాత్రం మార్చాం. కుడివి ఇంకా మార్చలేదు. ఇప్పుడు ఏ జత చూసినా ఒక చెప్పు నాది, ఒక చెప్పు ఆయనది. దొంగతనం ఎక్కడుంది?"

జయంతి చెప్పులకేసి చూసింది. సిమెంటు మీద ఉత్త కాళ్ళతో నిలబడ్డ తాతకేసి చూసింది. "అర్థమైంది. కానీ ఎడమవి మార్చి, కుడివి మార్చకుండా మధ్యలో ఎందుకు ఆపారు?"

ఇదిగో, ఇక్కడే చిక్కు. తాత ఎదురుగా ఉన్నారు. ఆయన సంగతి తెలుసు కదా, నేను పంచాంగం తీస్తే ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటారు. గొంతు తగ్గించి, "ఇవాళ శుక్రవారం కదమ్మా... పదిన్నరయింది..." అన్నాను.

ఆ పిల్ల మొహం మారిపోయింది. "రాహుకాలమా?"

"ఊఁ."

"అయ్యో పాట్టీ, అది ముందే చెప్పొద్దా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో పెట్టి వచ్చిన నవ్వు అప్పుడు వచ్చింది. కాగితం చెప్పలేనిది, చెప్పులు చెప్పలేనిది ఆ ఒక్క మాట చెప్పేసింది. కాకపోతే ఆ పిల్ల ఊరికే వదల్లేదు. "రాహుకాలమని ఆపారు, చాలా మంచిది. సగం మార్చిన కారుని రోడ్డు మీదికి ఏ కాలంలో తెచ్చారు పాట్టీ?"

తాత అటు తిరిగి దగ్గారు. ఆయన దగ్గితే నవ్వుతున్నారని లెక్క.

నవ్వింది గానీ గేటు తియ్యలేదు. ఇంటి దగ్గరున్న రెండో కారు చూపించాలంది, సరైన ప్లేటు పెట్టందే కదలనివ్వనంది. ఆమె అన్నదీ న్యాయమే. అలా రోడ్డెక్కితే అడిగేవాళ్ళందరికీ చెప్పులు విప్పి చూపించలేను కదా. మీ అమ్మకి ఇవాళ ఇంట్లోంచే పని కదా, వీడియో ఫోను చేశాను. అమ్మ చెవులకి మిషను తగిలించుకుని గుసగుసగా, "అత్తయ్యా, మీటింగులో ఉన్నాను," అంది.

"ఉండమ్మా, మీటింగులోనే ఉండు. ఉంటూ ఉంటూ పోర్చిలోకి వెళ్ళి పాత కారు చూపించు."

చూపించింది. ముందు కొత్త నంబరు, వెనక 4114. మా కారుకి సరిగ్గా తిరగేసిన జోడు. జయంతి రెండూ పోల్చి చూసి తల ఊపింది. "ఇప్పుడు గూట్లో డ్రైవరుంది, తీసుకుని వెనక ప్లేటు విప్పమ్మా," అన్నాను. మీ అమ్మ జన్మలో స్క్రూ తిప్పలేదు. "ఎడమకి తిప్పు. అది కుడి. నీ ఎడమ. కొబ్బరి నూనె వెయ్యి. ఇంకొంచెం వెయ్యి. నొక్కిపెట్టి తిప్పు." నేను పాఠం చెప్పినంతసేపూ అవతల సైబర్‌జయలో ఆఫీసు వాళ్ళందరూ విన్నారట. మ్యూటు చెయ్యడం మరిచిపోయింది. ఆఖర్న వాళ్ళ మేనేజరు అడిగాడట, కొబ్బరి నూనె ఏ స్టేజిలో వెయ్యాలో ఇంకోసారి చెప్తారా అని.

అమ్మ ఆ ప్లేటునీ స్క్రూ డ్రైవరునీ తువ్వాలులో చుట్టుకుని అద్దె కారులో బయల్దేరింది. ఆ కారు నడిపే అతను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడట. సొంత కారు లేని మనిషి కారు నంబరు ఒళ్ళో పెట్టుకుని పోవడం అతనెప్పుడూ చూసి ఉండడు.

ఈలోపు జయంతి తన కుర్చీ తాతకిచ్చి, ఫ్యాను తిప్పి పెట్టింది. నేను కంట్లో చుక్కలు వేశాను. ఆయనకి ఎవరైనా మంచిగా కనిపిస్తే ఏం చెప్తారో మీకు తెలుసు. "ఇదిగో అమ్మాయ్, నా నంబరు ముందు నుంచి సదువు, ఎనక నుంచి సదువు..."

"తాతా," అంది జయంతి, "ఇవాళ ఒక్కరోజు ఆ కథ వద్దు."

అమ్మ వచ్చేసరికి గార్డు పాక్‌చిక్ నమాజు ముగించుకుని తిరిగి వచ్చాడు. "ఇంకా ఇక్కడే ఉన్నారా ఆంటీ?" అని జాలిపడి టార్చి పట్టుకున్నాడు. నేను నేల మీద కూర్చున్నాను. జయంతి ఫోన్లో టైము చూస్తూ పైన నిలబడింది. "పాట్టీ, తొందరగా. మూడింటికి యమగండం." వింటున్నారా? రాహువు వదిలితే యముడు. ఆ తొందరలో ఒక స్క్రూ జారి ఎటో దొర్లిపోయింది. నేను వెతికాను, పాక్‌చిక్ వెతికాడు, మీ అమ్మ ఫోను లైటు వేసి కారు కిందంతా చూసింది. ఇంతమంది రెండేసి కళ్ళతో వెతుకుతుంటే తాత తాపీగా, "నా కాలి కింద ఉంది. దొర్లతంటే తొక్కిపెట్టినాను. వంగకూడదన్నారు కదా, ఎవలైనా తీసుకోండి," అన్నారు.

బిగించాను. ఎక్కాం. గేటు దగ్గరికి వచ్చాం. కెమెరా కారు వీపు చూసింది, గేటు లేచింది. వెనక జయంతీ పాక్‌చిక్కూ చప్పట్లు కొట్టారు. ఎండ మొహం మీద పడింది. బళ్ళో ఆఖరి గంట కొట్టినప్పుడు కూడా నాకు అంత హాయిగా అనిపించలేదు. తాత సీటుకి వెనక్కి వాలి, "సూసినావా, నా నంబరుకి తలుపులు తెరుసుకుంటాయి," అన్నారు. ఈయనేనా ఇందాక నాది కాదన్న మనిషి?

సగం దారిలో మళ్ళీ ఆయనే అడిగారు. "రాహుకాలంలో పని ఆపినావు కదా. ఆపకపోతే ఏటయ్యేది?"

"ఏదో ఒక చిక్కు వచ్చిపడేదండీ."

"మరిప్పుడు ఏటీ రాలేదా?"

వెనక సీట్లో మీ అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను రేడియో పెట్టేశాను.

అదీ కథ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, సగం చేసి వదిలేసిన లెక్కకి సగం మార్కులు రావని పిల్లలకి చెప్పినదాన్ని. ఇవాళ నాకు ఎన్ని వచ్చాయో మీరే వేసుకోండి.

సరే, టీ చల్లారిపోతోంది, తాగండి. కొత్త కారు సంగతి తేలింది గానీ పాత కారు వెనక వైపు బోడిగా ఉంది. దాని ప్లేటు ఇంకా కొత్త కారు డిక్కీలో తువ్వాలులోనే ఉంది, తెల్లారగానే కొన్నాయన వచ్చేస్తాడు. నేను వెళ్ళి అది బిగించి వస్తాను. దేవా, ఆ గూట్లో డ్రైవరు ఇటివ్వు.

ఇప్పుడు టైమెంతయిందో మాత్రం ఎవరూ నాకు చెప్పకండి.